చైన్ సా పిస్టన్ తల కోసి కంప్రెషన్ పెంచడం ఎలా

మామిడి కోతలు అయిపోయి దామలచెరువు మండీల్లో సందడి తగ్గగానే మా వైపు తోటల్లో రంపం మిషన్ల మోత మొదలవుతుంది. జులై, ఆగస్టుల్లో కొమ్మల కత్తిరింపు, ఎండిన చెట్ల తీసివేత, ఆ తర్వాత ఊళ్లో చింత మొద్దుల పని. తోతాపురి కొమ్మకు ఏ మిషనైనా చాలు. చింత మొద్దు దగ్గరే తేడా తెలుస్తుంది. చేవలోకి బార్ (చైను చుట్టూ తిరిగే పొడుగు పట్టీ) సగం దిగేసరికి మిషన్ గొంతు పడిపోతుంది, యాక్సిలరేటర్ ఎంత నొక్కినా చైను నిలబడిపోతుంది. అప్పుడే చాలామందికి ఈ ఆలోచన వస్తుంది: ఇదే మిషన్‌కు బలం పెంచలేమా?

పెంచొచ్చు. పిస్టన్ తలను లేత్ మీద కోసి, బ్లాకును (పిస్టన్ ఆడే సిలిండర్‌ను) కొంచెం కిందికి దించి, కంప్రెషన్ (పెట్రోలు, గాలి మిశ్రమం మండేముందు నలిగే నొక్కుడు) పెంచితే అదే 50 సీసీ మిషన్ చింతలో కూడా ఆగకుండా కోస్తుంది. ఈ పనిలో కోత అరగంట, కొలతలు ఒక పూట. ఆ కొలతల పూట మీ దగ్గర లేకపోతే పిస్టన్ జోలికి వెళ్లకండి.

ముందు చైను చూడండి

బలం చాలట్లేదని నా దగ్గరికి తెచ్చిన మిషన్లలో చాలావాటికి చైను మొద్దుబారి ఉండేది. పొడి పొడిగా, పిండిలా రంపపు పొట్టు రాలుతోందంటే తప్పు ఇంజిన్‌ది కాదు. పళ్లకు ఆకురాయి పట్టండి, ఎయిర్ ఫిల్టర్ కడగండి, సైలెన్సర్ లోపలి జాలీకి పట్టిన మసి తీయండి. అయినా బలం లేదనిపిస్తే అప్పుడు కంప్రెషన్ గేజి పెట్టండి.

ప్లగ్గు తీసి గేజి బిగించి, చోక్ తీసేసి, యాక్సిలరేటర్ పూర్తిగా నొక్కి పట్టుకుని, ముల్లు ఇక పైకి కదలనంత వరకు తాడు లాగాలి. ఆరు నుంచి పది లాగుళ్లు పడతాయి. ఆరోగ్యంగా ఉన్న మిషన్ 130 నుంచి 150 పీఎస్ఐ చూపిస్తుంది. 110 దగ్గరే ఆగిపోతే రింగో, బ్లాకో అరిగిందని అర్థం. అరిగిన బ్లాకులో కోసిన పిస్టన్ వేయడం డబ్బు దండగ. గేజి కొనేటప్పుడు ఒకటి చూసుకోండి: చిన్న ఇంజిన్లకు వాడే గేజికి వాల్వు కొస దగ్గరే, అంటే ప్లగ్గు రంధ్రం వైపే ఉండాలి. కార్లకు వాడే పొడుగు పైపు గేజి అయితే ఆ పైపులోని ఖాళీ కూడా లెక్కలోకి వచ్చి, ఉన్నదానికంటే తక్కువ చూపిస్తుంది.

సైలెన్సర్ విప్పినప్పుడే రంధ్రంలోంచి పిస్టన్ ఒంటి మీదికి టార్చి వేసి చూడండి. నిలువు గీతలు కనిపిస్తే ఇంతకుముందే ఒకసారి సీజ్ అయిన, అంటే వేడికి పిస్టన్ పట్టేసిన మిషన్ అది. దాన్ని బాగు చేయించాకే ఈ పని.

సోల్డర్ తీగతో స్క్విష్ కొలవడం

పిస్టన్ పైకొసకు వచ్చినప్పుడు దాని అంచుకూ బ్లాకు లోపలి పైకప్పుకూ మధ్య మిగిలే సందును స్క్విష్ అంటారు. ఈ పని మొత్తం ఆ సందు చుట్టూనే తిరుగుతుంది. కంపెనీ నుంచి వచ్చిన మిషన్లలో ఇది 0.8 నుంచి 1.2 మి.మీ. దాకా ఉంటుంది. మనకు కావలసింది 0.5 మి.మీ.

సందు పెద్దదిగా ఉంటే ఏం పోతుంది? అంచున చిక్కుకున్న పెట్రోలు, గాలి మిశ్రమం సరిగా మండదు, లేదా ఆలస్యంగా తనంతట తాను పేలి నాకింగ్ ఇస్తుంది. సందు బిగుతుగా ఉంటే పిస్టన్ పైకి వచ్చే ఊపులో ఆ మిశ్రమాన్ని అంచుల నుంచి మధ్యలోకి, ప్లగ్గు వైపు ఒక్కసారిగా తోస్తుంది. మంట వేగంగా, సమంగా పాకుతుంది. అందుకే స్క్విష్ సరిచేయకుండా కంప్రెషన్ ఒక్కటే పెంచిన మిషన్ నాకింగ్‌తో చస్తుంది, స్క్విష్ సరిచేసిన మిషన్ అదే కంప్రెషన్‌ను హాయిగా మోస్తుంది.

కొలవడానికి ఎలక్ట్రానిక్స్ షాపులో దొరికే 1.6 మి.మీ. సోల్డర్ తీగ తీసుకోండి. సీసం కలిసిన మెత్తటి రకమే కావాలి. ఒక కొసను కాస్త వంచి ప్లగ్గు రంధ్రంలోంచి లోపలికి తోసి, బ్లాకు గోడకు తగిలేదాకా నెట్టండి. మ్యాగ్నెట్ చక్రాన్ని (ఫ్లైవీల్‌ను) చేత్తో తిప్పి పిస్టన్‌ను పైకొస దాటించండి. తీగ బయటికి తీస్తే కొస నలిగి ఆకులా పలచబడి ఉంటుంది. గోడకు తగిలిన చివరి అర మిల్లీమీటరు దగ్గర వెర్నియర్ పెట్టి కొలవండి. అదే స్క్విష్.

ఇలా నాలుగు వైపులా కొలవాలి. గజన్ పిన్ (పిస్టన్‌ను కనెక్టింగ్ రాడ్‌కు కలిపే పిన్) వెళ్లే దిశలో రెండు వైపులా వచ్చిన కొలతనే నమ్మండి. సైలెన్సర్ వైపు, కార్బొరేటర్ వైపు కొలిచేటప్పుడు పిస్టన్ పిన్ మీద కొంచెం ఊగుతుంది కాబట్టి అక్కడ కొలత ఎక్కువ తక్కువలు చూపిస్తుంది. రెండు తీగలు ఒకేసారి ఎదురెదురుగా పెట్టి నలిపితే ఆ ఊగడం తగ్గుతుంది.

నేను చేసిన మొదటి పిస్టన్‌కు ఒక్క వైపే కొలిచాను, అదీ సైలెన్సర్ వైపు. 0.5 వచ్చిందని సంబరపడి బిగించేశాను. ఉత్తప్పుడు బాగానే ఉంది. ఫుల్ స్పీడులో టిక్ టిక్ టిక్ అని సన్నటి చప్పుడు. విప్పి చూస్తే పిస్టన్ అంచున, పిన్ దిశలో, గోరంత నెలవంక ఆకారంలో మసి లేని తెల్లటి మెరుపు. బ్లాకు కప్పులో సరిగ్గా దానికి ఎదురుగా అలాంటిదే ఇంకొకటి. అక్కడ అసలు సందు 0.35 మాత్రమే ఉంది. చేత్తో తిప్పినప్పుడు తగలని పిస్టన్, పన్నెండు వేల ఆర్‌పీఎంలో బేరింగుల సందు, కనెక్టింగ్ రాడ్ సాగుడు కలిసేసరికి తగిలింది. 0.45 కంటే కిందికి వెళ్లొద్దని నేను ఇంత గట్టిగా చెప్పేది ఆ నెలవంకను చూశాకే.

లెక్క కాగితం మీద పెట్టండి

లేత్ దగ్గరికి వెళ్లేముందు ఈ లెక్క చేయాలి. ఉదాహరణకు 45 మి.మీ. బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 32 మి.మీ. స్ట్రోకు (పిస్టన్ కింది నుంచి పైకి కదిలే దూరం) ఉన్న మిషన్ తీసుకుందాం. అది 50.9 సీసీ. పిస్టన్ తల వైశాల్యం 1,590 చదరపు మి.మీ. అంటే బ్లాకును ఒక మిల్లీమీటరు దించితే పైన 1.59 సీసీ ఖాళీ తగ్గుతుంది.

పిస్టన్ పైకొసలో ఉన్నప్పుడు పైన ఎంత ఖాళీ ఉందో తెలియాలి. మెడికల్ షాపులో 10 మి.లీ. సిరంజి కొనండి. రింగుల చుట్టూ గ్రీజు పూసి, పిస్టన్‌ను పైకొసలో నిలిపి, ప్లగ్గు రంధ్రం నిటారుగా పైకి ఉండేలా మిషన్‌ను ఒరగబెట్టి, కిరోసిన్ కలిపిన టూటీ ఆయిల్‌ను (టూ స్ట్రోక్ ఇంజిన్ ఆయిల్) ప్లగ్గు మర అడుగు వరకు నింపండి. బుడగలు పోవడానికి మిషన్‌ను మెల్లగా అటూ ఇటూ ఊపండి. ఎన్ని మి.లీ. పట్టిందో అన్ని సీసీల ఖాళీ. మన ఉదాహరణలో 5.5 సీసీ అనుకుందాం, స్క్విష్ 1.1 మి.మీ.

టూ స్ట్రోక్ ఇంజిన్‌లో సైలెన్సర్ పోర్టు (పొగ బయటికి పోయే రంధ్రం) మూసుకున్నాకే నొక్కుడు మొదలవుతుంది. పిస్టన్ అంచు ఆ పోర్టు పై అంచును మూసే చోటు నుంచి పైకొస వరకు ఎంత దూరమో డెప్త్ గేజితో గానీ, ప్లగ్గు రంధ్రంలో సన్నటి కమ్మీ దించి గానీ కొలవండి. 20 మి.మీ. వచ్చిందనుకుంటే 31.8 సీసీ. దానికి 5.5 కలిపితే 37.3. ఆ 37.3ని 5.5తో భాగిస్తే 6.8. ఇది మిషన్ పుట్టుకతో వచ్చిన అసలు కంప్రెషన్ నిష్పత్తి.

ఇప్పుడు బ్లాకు అడుగున ఉన్న 0.5 మి.మీ. ప్యాకింగ్ (గ్యాస్కెట్) తీసేశామనుకోండి. పైన ఖాళీ 0.8 సీసీ తగ్గి 4.7 అవుతుంది. పోర్టు నుంచి కప్పు వరకు ఉన్న 37.3 మాత్రం మారదు, ఎందుకంటే పోర్టూ కప్పూ రెండూ బ్లాకులోనే ఉన్నాయి, కలిసే దిగాయి. 37.3ని 4.7తో భాగిస్తే 7.9. స్క్విష్ 0.6. పిస్టన్‌ను ముట్టుకోకుండానే ఇంత వచ్చింది!

ఇంకా కావాలంటే పిస్టన్ కోయాలి. తల మీద నడుమ 29 మి.మీ. వెడల్పు దిమ్మె మిగిల్చి, చుట్టూ అంచును 0.7 మి.మీ. లోతు కోసి, బ్లాకు అడుగును 0.8 మి.మీ. లేత్ పట్టిస్తే స్క్విష్ 0.5 దగ్గర నిలుస్తుంది. నడిమి దిమ్మె 0.46 సీసీ ఆక్రమిస్తుంది. పైన మిగిలే ఖాళీ దాదాపు 4.1, నిష్పత్తి 9.0. అదే దిమ్మెను 0.4 మి.మీ. ఎత్తుకు, బ్లాకు అడుగును 0.5 మి.మీ.కు పరిమితం చేస్తే 8.65.

నా మాట వింటే తిరుపతి, చిత్తూరు ఎండల్లో రోజంతా నడిచే మిషన్‌కు 9.0 వద్దు. ఏప్రిల్, మే నెలల్లో నీడలోనే 40 డిగ్రీలు దాటే చోట, గాలితో చల్లబడే ఇంజిన్ మీద అంత భారం పెట్టకూడదు. తోట పనికి ప్యాకింగ్ తీసివేతే చాలు. చింత, వేప మొద్దులు పలకలు కోసే వాళ్లకు 0.4 దిమ్మె సరిపోతుంది. కింద చెప్పేదంతా ఆ 0.4 కొలతకే.

కోయకూడని పిస్టన్లు

మూడు చోట్ల చూడాలి. మొదటిది, తల అంచు నుంచి పై రింగు గాడి వరకు ఉన్న గోడ. కోత అయ్యాక అక్కడ కనీసం 2 మి.మీ. మిగలాలి. అంతకంటే పలచబడితే వేడికి ఆ గోడ వంగి రింగును పట్టేస్తుంది.

రెండోది, పిస్టన్ పావడ, అంటే రింగుల కింద ఉండే గోడ. బ్లాకును దించితే సైలెన్సర్ పోర్టు కూడా దిగుతుంది. పిస్టన్ పైకొసలో ఉన్నప్పుడు పావడ కింది అంచు ఆ పోర్టు అడుగును ఇంకా మూసి ఉంచాలి. లేకపోతే క్రాంక్‌కేసులోకి (బ్లాకు కింద ఉండే పెట్టెలోకి) పీల్చిన మిశ్రమం సైలెన్సర్‌లోకి పారిపోతుంది. సైలెన్సర్ విప్పి, పిస్టన్‌ను పైకొసలో పెట్టి, పావడ పోర్టు అడుగు కంటే ఎంత కిందికి ఉందో కొలవండి. మనం మొత్తం 1 మి.మీ. దించుతున్నాం, ప్యాకింగ్ 0.5, కోత 0.5. కాబట్టి అక్కడ కనీసం 2 మి.మీ. ఉండాలి.

మూడోది, బ్లాకు కిందికి చొచ్చుకునే గొట్టం భాగం. దించాక అది క్రాంక్ బరువులకు తగులుతుందేమో చూడాలి.

పావడకు కిటికీలు కోసి ఉండి, కార్బొరేటర్ వైపు రెండు గాలి దారులు ఉన్న కొత్త రకం మిషన్లు వస్తున్నాయి. వాటిలో ఆ కిటికీలు, గాలి దారులు ఒకదానికొకటి లెక్క కట్టి పెట్టినవి. ఎత్తు మారితే ఆ లెక్క తప్పుతుంది. వాటిని వదిలేయండి.

లేత్ మీద

పిస్టన్ చూడ్డానికి గుండ్రంగా ఉన్నా అసలు గుండ్రం కాదు. పావడ కొంచెం కోడిగుడ్డు ఆకారంలో, పైన సన్నగా కింద వెడల్పుగా ఉంటుంది. దాన్ని నేరుగా లేత్ చక్‌లో బిగిస్తే పావడ నొక్కుకుపోతుంది. ఒక లేత్ షాపులో నా పిస్టన్‌ను అలాగే బిగించారు. తల అద్దంలా వచ్చింది గానీ పావడ మీద మూడు దవడల గుర్తులు పడ్డాయి. ఆ పిస్టన్ బ్లాకులో పది నిమిషాలు కూడా నడవలేదు.

సరైన పద్ధతి ఇది. పావడ లోపలికి బిగుతుగా దూరేలా నైలాన్ కమ్మీనో అల్యూమినియం ముక్కనో తిప్పించి, దాన్ని చక్‌లో పట్టించండి. పిస్టన్‌ను దాని మీద తొడిగి, గజన్ పిన్ వేసి, ఆ పిన్‌ను వెనక నుంచి ఒక బోల్టుతో లాగి బిగించాలి. పట్టు మొత్తం పిన్ మీద ఉంటుంది, పావడ మీద ఉండదు. పై రింగు పైన ఉన్న గోడకు డయల్ గేజి పెట్టి తిప్పి చూసి, ముల్లు 0.02 మి.మీ. కంటే ఎక్కువ ఊగకుండా సరిచేయించండి. ఈ బిగింపు తయారుచేయడానికే సగం పూట పోతుంది. లేత్ ఆయన "దీనికి ఇంత ఎందుకన్నా, అట్లే పట్టేస్తా" అంటే ఒప్పుకోవద్దు.

తల మీద సైలెన్సర్ వైపు చూపే బాణం గుర్తు ఉంటుంది. కోతలో అది పోవచ్చు. ముందే పావడ లోపల గీకి గుర్తు పెట్టుకోండి.

దిమ్మె వెడల్పు బ్లాకు కప్పులో ఉన్న గుంట వెడల్పు కంటే 1.5 నుంచి 2 మి.మీ. తక్కువ ఉండాలి. మన ఉదాహరణలో గుంట 31, దిమ్మె 29. కప్పు అంచు కొంచెం వాలుగా ఉంటే పిస్టన్ అంచును కూడా అదే వాలులో కోయించండి. అప్పుడే సందు లోపలి నుంచి బయటి దాకా ఒకే మందంలో ఉంటుంది. పదునైన పరికరం, కిరోసిన్ తడి, ఒక్కోసారి 0.1 మి.మీ. మించకుండా కోత.

కోత అయ్యాక దిమ్మె అంచును వేలితో తడమండి. చర్మానికి పట్టుకునేంత పదును ఉంటే అది ఇంజిన్‌లో నిప్పుకణికలా ఎర్రబడి, ప్లగ్గు వెలగకముందే మిశ్రమాన్ని అంటిస్తుంది. 600 నంబరు ఎమరీ పేపర్‌తో అంచులన్నీ నున్నగా గుండ్రం చేయండి. దిమ్మె, తల కలిసే మూలలో కూడా పదునైన గాడి వదలొద్దు. పగులు మొదలయ్యేది అక్కడే. తర్వాత సబ్బు నీళ్లు, బ్రష్‌తో రింగు గాడుల్లో ఒక్క రజను కూడా లేకుండా కడగండి.

బ్లాకు అడుగు

బ్లాకును లోపలి నుంచి పట్టే మాండ్రిల్ మీద ఎక్కించి అడుగు తిప్పించాలి. లోపలి గోడకు క్రోమ్ లేదా నికాసిల్ పూత ఉంటుంది, గీత పడితే బ్లాకు పోయినట్టే. మాండ్రిల్‌కు పలచటి కాగితం చుట్టించండి. 0.5 చెప్తే 0.5 మాత్రమే, "కొంచెం ఎక్కువైనా పర్లేదు" అన్న మాట ఇక్కడ చెల్లదు. ఎక్కువ పోతే ప్యాకింగ్‌తో సర్దుకోవచ్చు గానీ అప్పుడు ఈ శ్రమ అంతా ఎందుకు?

బ్లాకు దిగింది కాబట్టి బోల్టులు కూడా 1 మి.మీ. ఎక్కువ లోతుకు వెళ్తాయి. క్రాంక్‌కేసు రంధ్రం అడుగు తగిలిందంటే బోల్టు బిగిసినట్టే ఉంటుంది, బ్లాకు మాత్రం వదులుగానే ఉంటుంది. ప్యాకింగ్ లేకుండా, ఉత్త బోల్టులతో ముందు ఒకసారి బిగించి చూసి, అవసరమైతే వాషర్లు వేయండి. కార్బొరేటర్ రబ్బరు, డయాఫ్రం కదిలించే చిన్న గాలి రంధ్రం కూడా సరిగ్గా ఎదురెదురుగా ఉన్నాయా చూసుకోండి.

ఈ ఉత్త బిగింపులోనే సోల్డర్ తీగ మళ్లీ నాలుగు వైపులా పెట్టండి. దిమ్మె గుంటలో ఎక్కడా తగలట్లేదని తెలియడానికి పిల్లలు ఆడుకునే క్లే ముద్దను పలచగా తల మీద పరిచి, కొద్దిగా ఆయిల్ రాసి, ఒక చుట్టు తిప్పి విప్పండి. క్లే మీద బ్లాకు కప్పు అచ్చు పడుతుంది. దాన్ని బ్లేడుతో అడ్డంగా కోసి మందం చూస్తే ఎక్కడ ఎంత సందు ఉందో కళ్ల ముందు కనిపిస్తుంది. 0.5 వచ్చిందా, సరే. 0.45 కంటే తక్కువ వస్తే పలచటి ప్యాకింగ్ కత్తిరించి వేయాల్సిందే.

బిగింపు, గాలి పరీక్ష

గజన్ పిన్ సర్‌క్లిప్పులు కొత్తవే వేయండి, తీసినవి మళ్లీ వాడొద్దు. వాటి నోరు నిటారుగా పైకో కిందికో ఉండాలి, పక్కకు కాదు. రింగు కొసలు గాడిలోని చిన్న మేకుకు రెండు వైపులా కూర్చున్నాయా చూసి, టూటీ ఆయిల్ పూసి, బ్లాకును మెల్లగా దించండి. గట్టిగా తోయాల్సి వస్తోందంటే రింగు ఎక్కడో పట్టింది, ఆగండి.

ప్యాకింగ్ బదులు పెట్రోలును తట్టుకునే గ్యాస్కెట్ సీలెంట్ పలచగా పూయాలి. మామూలు సిలికాన్ పెట్రోలుకు ఉబ్బి ఊడిపోతుంది. ఎక్కువ పూస్తే లోపలికి పొంగి బేరింగులో పడుతుంది. వేలితో తుడిచినట్టు ఒక పొర చాలు. రాత్రంతా ఆరనివ్వండి.

తర్వాత లీకు పరీక్ష. దీన్ని వదిలేసేవాళ్లే ఎక్కువ, నేను మాత్రం ఎప్పుడూ వదలను. అడుగున సన్నటి లీకు ఉంటే బయటి గాలి లోపలికి వచ్చి మిశ్రమం పలచబడి, పిస్టన్ వేడెక్కి సీజ్ అవుతుంది. ఇంట్లో పాత బీపీ మిషన్ ఉంటే దాని బల్బు, గేజి చాలు. కార్బొరేటర్ దారి, సైలెన్సర్ దారి సైకిల్ ట్యూబు ముక్కలతో, రేకుతో మూసి, పిస్టన్‌ను కిందికొసలో పెట్టి, ప్లగ్గు రంధ్రంలో గొట్టం బిగించి గేజి మీద 250 (మి.మీ. పాదరసం) వరకు గాలి కొట్టండి. అది దాదాపు 4.8 పీఎస్ఐ. ఒక నిమిషం ముల్లు కదలకుండా నిలవాలి. దిగుతుంటే బ్లాకు అడుగున, క్రాంకు సీళ్ల దగ్గర సబ్బు నురగ రాయండి, బుడగ లేచిన చోటే లీకు.

పెట్రోలు, ఆయిలు, కార్బొరేటర్

ఇప్పుడు గేజి పెడితే 170 నుంచి 185 పీఎస్ఐ మధ్య రావాలి. 190 దాటితే తాడు లాగినప్పుడు చెయ్యి వెనక్కి గుంజుతుంది, మణికట్టు దెబ్బతింటుంది. కంప్రెషన్ వదిలే బటన్ లేని మిషన్లకు 185 హద్దు అనుకోండి.

పెట్రోలు బంకులో 95 ఆక్టేన్ అని రాసిన ప్రీమియం రకం తీసుకోండి. ఇప్పుడు వస్తున్న ఇథనాల్ కలిపిన పెట్రోలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది, పైగా మిశ్రమాన్ని కొంచెం పలచబరుస్తుంది. కలిపిన పెట్రోలును రెండు మూడు వారాలకు మించి నిల్వ ఉంచొద్దు, పని అయ్యాక ట్యాంకు ఖాళీ చేయండి. ఆయిల్ మంచి ఎఫ్‌డీ గ్రేడు టూటీ, లీటరుకు 25 మి.లీ. అంటే 40కి 1. మామూలు టూటీ వాడే వాళ్లయితే 40 మి.లీ. పోయండి.

ఫుల్ స్పీడు స్క్రూను ముందున్న చోటు నుంచి చుట్టులో ఎనిమిదో వంతు తెరవండి. గాలిలో ఫుల్ యాక్సిలరేటర్ ఇస్తే శబ్దం కాస్త బొరబొరలాడాలి. కట్టె మీద పెట్టగానే ఆ బొరబొర పోయి గొంతు శుభ్రపడాలి. గాలిలోనే సన్నగా కీచుమంటే మిశ్రమం పలచగా ఉంది, వెంటనే ఆపండి. మిషన్ పుస్తకంలో రాసిన గరిష్ఠ ఆర్‌పీఎం దాటకూడదు. ప్లగ్గు వైరుకు చుట్టే చిన్న టాకో మీటరు కొనుక్కుంటే చెవి మీద ఆధారపడక్కర్లేదు. ప్లగ్గు ఒక మెట్టు చల్లటిది వేయండి. ఎన్‌జీకే ప్లగ్గుల్లో నంబరు పెరిగితే చల్లదనం పెరుగుతుంది. ఇగ్నిషన్ టైమింగ్ మాత్రం ముట్టుకోవద్దు.

ట్యూనింగ్ ఎక్కడ చేశారో కూడా గుర్తుంచుకోండి. తిరుపతిలో సరిచేసిన మిషన్‌ను మొగిలి ఘాటు ఎక్కించి పలమనేరు తీసుకెళ్తే అక్కడ గాలి పలచన, మిశ్రమం చిక్కబడి మిషన్ మందగిస్తుంది. అక్కడ స్క్రూ మూసి సరిచేసుకుని, దిగొచ్చాక మళ్లీ తెరవడం మరిచిపోతే పిస్టన్ ప్రాణం మీదికి వస్తుంది. కంప్రెషన్ పెంచిన మిషన్‌లో ఆ మరుపుకు మన్నింపు తక్కువ. నేను స్క్రూ తలమీద పెయింటు చుక్క పెట్టుకుంటాను, తిరుపతి చుక్క తెలుపు, పలమనేరు చుక్క పసుపు.

మొదటి మూడు ట్యాంకులు

మొదటిసారి స్టార్ట్ చేసేటప్పుడు చెవులకు, కళ్లకు రక్షణ పెట్టుకోండి, చైన్ బ్రేకు వేసి ఉంచండి. రెండు నిమిషాలు నడిపి ఆపి పూర్తిగా చల్లారనివ్వండి. ఇలా మూడుసార్లు. తర్వాత మామిడి కొమ్మల్లాంటి తేలిక పని ఒక ట్యాంకు. చింత దగ్గరికి రెండో ట్యాంకు తర్వాతే.

బలం పెరిగిన మిషన్‌కు తన్నుడు (బార్ ఒక్కసారిగా మన వైపు ఎగరడం) కూడా పెరుగుతుంది. బార్ కొస పై సగం కట్టెకు తగలనివ్వొద్దు. క్లచ్ పాతదైతే జారుతుంది, మార్చండి. శేషాచలం అంచు ఊళ్లలో ఉండేవాళ్లు పరీక్షలన్నీ పగటిపూట ఇంటి దగ్గరే చేసుకోండి. ఎర్రచందనం కారణంగా అడవి వైపు మిషన్ మోత వినిపిస్తే అటవీ శాఖ వాళ్లు రావడం సహజం. సొంత పొలంలో చెట్టయినా కొట్టేముందు 2002 వాల్టా చట్టం (నీరు, భూమి, చెట్ల చట్టం) ప్రకారం అనుమతి అడగండి.

మూడో ట్యాంకు అయ్యాక ప్లగ్గు తీసి చూడండి. పింగాణీ కాఫీ పొడి రంగులో ఉంటే అంతా బాగున్నట్టు. తెల్లగా ఉంటే స్క్రూ ఇంకాస్త తెరవాలి. పింగాణీ మీద ఆవగింజ కంటే చిన్న వెండి చుక్కలు కనిపిస్తే అది కరిగిన పిస్టన్ లోహం, నాకింగ్ మొదలైంది. టార్చితో ప్లగ్గు రంధ్రంలోంచి తల అంచు చూడండి, ఇసుక కొట్టినట్టు గరుకుగా ఉంటే అడుగున పలచటి ప్యాకింగ్ వేసి కంప్రెషన్ తగ్గించండి, మిషన్‌ను అలాగే నడపొద్దు.

అంతా బాగుంటే బ్లాకు బోల్టులు, సైలెన్సర్ బోల్టులు చల్లగా ఉన్నప్పుడు మరోసారి బిగించి, ఎయిర్ ఫిల్టర్ మూత లోపల మార్కరుతో తేదీ, స్క్విష్, కంప్రెషన్, ఆయిల్ పాళ్లు రాసి పెట్టండి. వచ్చే ఏడు మామిడి కోతల తర్వాత మళ్లీ గేజి పెట్టినప్పుడు పోల్చుకోవడానికి ఆ అంకెలే కావాలి.